కత్తి పోలిక చాలదు

కృత్రిమ మేధ గురించి తెలుగులో ఎక్కడ మాట వచ్చినా, అది సంపాదకీయమైనా, కాలేజీ సదస్సయినా, ఆదివారం గుడిలో ప్రసంగమైనా, ఒక పోలిక తప్పకుండా వినబడుతుంది. కత్తితో కూరలు తరగొచ్చు, గొంతూ కోయొచ్చు; తప్పు కత్తిది కాదు, పట్టుకున్న చేతిది. కృత్రిమ మేధ కూడా అంతేనట. మంచివాడి చేతిలో మంచి చేస్తుంది, చెడ్డవాడి చేతిలో చెడు చేస్తుంది. ఈ మాట ఎవరినీ నొప్పించదు కాబట్టి అందరూ ఒప్పుకుంటారు. తయారుచేసినవాడు, అమ్మినవాడు, ప్రజల డబ్బుతో కొన్న ప్రభుత్వం, అందరూ నింద నుంచి బయటపడతారు. ఎక్కడో ఒకచోట 'దుర్వినియోగం' చేసినవాడు మాత్రం దోషిగా మిగులుతాడు. కతోలిక శ్రీసభ ఈ విషయంలో ఏమంటోంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు కూడా ఇదే పోలికను పోపుగారి నోట పెట్టేయడం మామూలైపోయింది. సాంకేతికత దేవుని వరమనీ, సద్వినియోగం చేసుకోమని వాటికన్ హితవు పలికిందనీ రెండు ముక్కల్లో వార్త ముగుస్తుంది. గత ఐదారేళ్లలో శ్రీసభ ఈ విషయం మీద చెప్పినదాన్ని శ్రద్ధగా చదివితే దొరికేది దీనికి దాదాపు ఎదురు మాట. సాధనం తటస్థం కాదని, వాడేవాడి మనసును తూచినంత మాత్రాన తీర్పు పూర్తికాదని, ఆ సాధనాన్ని ఎవరు, ఎవరి శ్రమతో, ఏ లక్ష్యం కోసం, ఎవరి బతుకు మీద ప్రయోగించడానికి తయారుచేశారో కూడా తూచాలని ఆ మాట. నేను సమర్థించేది దాన్నే. విశ్వాసం లేనివాళ్లకు కూడా ఆ మాట అవసరమన్నది నా వాదనలో భాగం.

2024 జూన్ 14న ఇటలీలోని పూల్యా ప్రాంతంలో, బోర్గో ఎన్యాత్సియాలో జి-7 దేశాధినేతలు సమావేశమైనప్పుడు పోప్ ఫ్రాన్సిస్ వారి ముందు మాట్లాడారు. ఒక పోపు జి-7 సభలో ప్రసంగించడం అదే మొదటిసారి. ఆయన ఎంచుకున్న అంశం కృత్రిమ మేధ. మొదట్లోనే ఎత్తుకున్న ఉదాహరణ కత్తే. చెకుముకి రాయికి పదును పెట్టిన మన పూర్వీకులు దానితో బట్టల కోసం తోళ్లూ కోశారు, ఒకరినొకరు చంపుకోవడానికీ వాడారు అని గుర్తుచేశారు. మన సంపాదకీయాలు ఆగేది అక్కడే. ఆయన ఆగలేదు. కత్తిలాంటి మామూలు పనిముట్టు పూర్తిగా పట్టుకున్నవాడి అదుపులో ఉంటుంది. కృత్రిమ మేధ అప్పగించిన పనికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది, అలా నిర్మిస్తే లక్ష్యం చేరడానికి మనిషి ప్రమేయం లేకుండా తనే ఎంపికలు చేస్తుంది అన్నారు. ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి సాంకేతికతా ఏదో ఉద్దేశంతోనే పుడుతుందని, సమాజంలోకి వచ్చాక మనుషుల మధ్య సంబంధాలను ఒక తీరున అమరుస్తుందని, కొందరి చేతికి అధికారం ఇచ్చి కొందరి చేతి నుంచి తీసేస్తుందని చెప్పారు. కత్తి పోలికను ఆయన వాడింది దాన్ని దాటి వెళ్లడానికి. ఆ రోజుకు తోచి అన్న మాట కూడా కాదిది. 2015లో ఆయన వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖకు పర్యావరణ లేఖగా పేరు వచ్చింది గానీ, దాని మూడో అధ్యాయం ప్రధానంగా సాంకేతికత మీద రాసినది. సాంకేతిక ఉత్పత్తులు తటస్థం కావని, మనం ఎలా బతకాలో, సమాజం ఎటు నడవాలో అవి ముందే ఒక చట్రంలో బిగిస్తాయని అందులో విస్పష్టంగా ఉంది. 2024 జనవరి 1న ప్రపంచ శాంతి దినానికి పంపిన సందేశమూ అదే చెప్పింది. ఇన్నిసార్లు చెప్పినదాన్ని పక్కనపెట్టి, ఒక్క కత్తి వాక్యాన్ని ఏరుకుని శ్రీసభ వైఖరిగా చూపడం న్యాయం కాదు.

దీని వెనకున్న నీతిశాస్త్రం చాలా పాతది. ఒక పని మంచిదో చెడ్డదో తేల్చడానికి మూడింటిని చూడాలని శ్రీసభ బోధనా గ్రంథమైన సత్యోపదేశం నేర్పుతుంది: చేసిన పని ఏమిటి, ఏ ఉద్దేశంతో చేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు విడమరచిన పద్ధతి ఇది. మూడూ సరిగా ఉంటేనే పని మంచిది. ఏ ఒక్కటి చెడినా పని చెడుతుంది. పొగడ్తల కోసం దానం చేస్తే ఉద్దేశం చెడింది. మేలు చేద్దామనే తలంపుతో పొరుగువాడి మీద అబద్ధపు సాక్ష్యం చెబితే ఉద్దేశం ఎంత మంచిదైనా చేసిన పనే చెడ్డది. కత్తి పోలిక ఈ మూడింటిలో ఉద్దేశాన్ని ఒక్కదాన్నే మిగిల్చి తక్కిన రెంటినీ తుడిచేస్తుంది. యంత్రాన్ని తయారుచేయడం కూడా ఒక 'పని' అన్నది మరిచిపోతుంది. ఏ రికార్డులను పోగుచేసి యంత్రానికి నేర్పాలి, దేన్ని విజయంగా లెక్కించాలి, ఎంత శాతం పొరపాటును సహించాలి, ఆ పొరపాటు ఎవరి మీద పడితే ఫరవాలేదనుకోవాలి, ఇవన్నీ మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. వాడేవాడు మీట నొక్కకముందే అవి పూర్తయిపోయి ఉంటాయి. కత్తి అంచులో ఇతరుల నిర్ణయాలు ఇలా దాగి ఉండవు. 2025 జనవరి 28న, పునీత అక్వినాసు పండుగ రోజున, వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం, సంస్కృతి-విద్యా విభాగం కలిసి విడుదల చేసిన 'ఆంతిక్వా ఎత్ నోవా' పత్రం ఇదే దృష్టితో, ప్రయోజనాన్నీ, దానికి ఎంచుకున్న మార్గాన్నీ, ఆ యంత్రంలో ఇమిడిన లోకదృష్టినీ మూడింటినీ పరీక్షించాలంటుంది.

ఉద్దేశం మంచిదైతే చాలదనడానికి ఉదాహరణ శ్రీసభకు దగ్గరలోనే దొరుకుతుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన 'కాథలిక్ ఆన్సర్స్' అనే సంస్థ, విశ్వాసం గురించిన ప్రశ్నలకు జవాబులిచ్చే ఒక చాట్‌బాట్‌ను విడుదల చేసింది. తెరమీద దానికి కతోలిక గురువు (ప్రీస్టు) రూపం ఇచ్చి, మెడకు తెల్ల కాలరు తొడిగి, 'ఫాదర్ జస్టిన్' అని పేరు పెట్టారు. అడిగినవాళ్లకు అది తాను నిజమైన గురువునేనని చెప్పుకుంది. పాపసంకీర్తనం విని పాపవిమోచనం పలికింది. గేటరేడ్ పానీయంతో జ్ఞానస్నానం ఇవ్వొచ్చా అని పరీక్షించినప్పుడు ఇవ్వొచ్చంది. విమర్శలు రాగానే ఆ సంస్థ రోజుల వ్యవధిలోనే గురువు దుస్తులు, ఫాదర్ అన్న పిలుపు తీసేసి మామూలు 'జస్టిన్'ను ఉంచింది. ఇక్కడ వాడినవాడు దుర్మార్గుడు కాడు, చేసినవాళ్లూ కారు. బోధ పదిమందికీ అందాలన్నదే వారి కోరిక. తప్పు ఆ రూపంలోనే ఉంది. మనిషి ముఖం, గురువు కాలరు, 'నేను' అని మాట్లాడే గొంతు, ఇవి వాడకంలో పుట్టినవి కావు, తయారీలో పెట్టినవి. మనిషి కానిదాన్ని మనిషిగా నిలబెట్టడమే అసత్యం. యంత్రాన్ని వ్యక్తిగా చూపించడం ఎప్పుడూ తగదని, మోసం కోసం అలా చేస్తే అది ఘోరమైన నైతిక అపరాధమని 'ఆంతిక్వా ఎత్ నోవా' చెబుతుంది. ఒంటరివాళ్లకు తోడంటూ, రోజంతా తియ్యగా మాట్లాడేలా తీర్చి అమ్ముతున్న యాప్‌లకు కూడా ఈ కొలతే వర్తిస్తుంది. వాటిని వాడే పదహారేళ్ల పిల్లవాడికి 'సద్వినియోగం చేసుకో' అని చెప్పడం, బరువంతా తెచ్చి అతని భుజాన పెట్టడమే.

కత్తి పోలికలో ఇద్దరే మనుషులు ఉంటారు: పట్టుకున్నవాడు, గాయపడ్డవాడు. మన దగ్గరే జరిగినదాన్ని ఆ పోలికలో ఇమిడ్చి చూడండి. తెలంగాణ ప్రభుత్వం వేర్వేరు శాఖల రికార్డులను కలిపి ఒక్కొక్క కుటుంబం గురించి నిండు చిత్రం తయారుచేసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను వాడింది. కార్లు, ఇళ్లు, ఉద్యోగాలు ఉన్నవాళ్లను గుర్తించి అనర్హుల ఆహార భద్రత కార్డులు ఏరివేయడం దాని పనుల్లో ఒకటి. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో రద్దయిన కార్డులు 18 లక్షలు దాటాయి. వాటిలో నిజంగా అనర్హులవీ ఉన్నాయి. కానీ ముందస్తు నోటీసు లేకుండా, ఇంటికి వచ్చి చూడకుండా తీసేసినవీ ఉన్నాయి. రిక్షా తొక్కే మనిషి పేరు కారున్న మరొకరి పేరుతో ముడిపడి, రేషన్ ఆగిపోయిన కుటుంబం కథ పత్రికల్లోకి వచ్చింది. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. అలా చూసినప్పుడు వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. పేర్లను పోల్చి ఇద్దరూ ఒకరేనని తేల్చే యంత్రానికి తెలుగువాళ్ల పేర్లు ఎంత కష్టమో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది, మరోదాంట్లో అసలుండదు. ఇంగ్లిషు అక్షరాల్లోకి మారేసరికి ఒకే పేరు నాలుగు రకాలవుతుంది. ఎంత పోలిక ఉంటే ఒకరే అనుకోవాలి అన్న గీతను ఎవరో ఒకచోట గీస్తారు. గీత కొంచెం ఇటు జరిగితే కొందరు అనర్హులు మిగిలిపోతారు, అటు జరిగితే కొందరు పేదలు పస్తులుంటారు. ఆ గీతను ఎటు జరపాలన్నది గణితం చెప్పదు. పేదలకు మొదటి చోటు ఇవ్వాలన్న శ్రీసభ సామాజిక బోధన చెబుతుంది: పొరపాటు తప్పనప్పుడు అది ఆకలిగొన్నవాడి మీద పడకూడదు. ఇక్కడ కత్తి ఎవరి చేతిలో ఉంది? ఆ కుటుంబం కృత్రిమ మేధను 'వాడలేదు', అది ఉందని కూడా వారికి తెలియదు. కార్డు తీసేసిన గుమాస్తాకు వారి మీద పగ లేదు. చెడ్డ చెయ్యి ఒక్కటీ కనబడకుండానే కంచం ఖాళీ అయింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో ఇలాగే వేలాది మంది తల్లిదండ్రుల మీద మోసగాళ్లన్న ముద్ర వేసిన వ్యవహారం ముదిరి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. అక్కడా ఒక్క దుర్మార్గుడి కోసం వెతికితే దొరకడు.

ఈ లెక్కల వ్యవస్థలు చేసే మరో పని విషయంలో కతోలిక దృష్టి మరెవరూ అంత స్పష్టంగా చెప్పని ఒక మాట చెబుతుంది. జి-7 ప్రసంగంలో పోప్ ఫ్రాన్సిస్ జైలు శిక్ష అనుభవిస్తున్నవారి ఉదాహరణ తీసుకున్నారు. ఒక ఖైదీని ఇంటి దగ్గర శిక్ష గడపనివ్వాలా వద్దా అని తేల్చడానికి న్యాయమూర్తి యంత్రం సాయం తీసుకుంటాడు. చేసిన నేరం, జైల్లో ప్రవర్తన, మానసిక పరీక్షల ఫలితాలు, ఇంకా అలాంటి వివరాలన్నీ యంత్రానికి ఇస్తారు. అది మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో అంకెలో చెబుతుంది. అంకె సరిగ్గానే రావచ్చు. అయినా అందులో ఒక మౌలికమైన తప్పు ఉంది. యంత్రం చూసేది గతాన్ని, అందులోనూ అతనిలాంటి ఇతరుల గతాన్ని. మనిషి మారతాడు, తన పనులతో మనల్ని ఆశ్చర్యపరుస్తాడు అన్నది దాని లెక్కలోకి రాదు అన్నారు పోప్. సువార్త మొత్తం 'మారుమనసు' అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. సుంకరి మారాడు, శిలువ మీద దొంగ ఆఖరి ఘడియలో మారాడు. మనిషిని అతని నిన్నటితో కట్టేయకూడదన్నది ఒట్టి భక్తి మాట అనుకుంటే పొరపాటు. న్యాయస్థానంలో ప్రతి ముద్దాయీ తన కేసును తన కేసుగానే విచారించమని కోరే హక్కు కూడా దీని మీదే నిలబడింది. అప్పు అడిగిన రైతును, ఉద్యోగం అడిగిన యువతిని, పెరోలు అడిగిన ఖైదీని వారిలాంటివాళ్ల సగటుతో తూచడం ఆ యంత్రం స్వభావం. దాన్ని ఎంత పుణ్యాత్ముడు నడిపినా అది చేసేది అదే. దీన్ని దుర్వినియోగం అనలేం, చక్కగా పనిచేసినప్పుడు కూడా జరిగేది ఇదే.

శ్రమ విషయానికి వస్తే కత్తి పోలిక మరీ బలహీనపడుతుంది. 2025 మే 8న ఎన్నికైన పోప్ 14వ లియో, రెండు రోజులకే కార్డినళ్లతో మాట్లాడుతూ ఆ పేరు ఎందుకు తీసుకున్నారో చెప్పారు. 13వ లియో 1891లో 'రేరుం నొవారుం' విశ్వలేఖ రాసి పారిశ్రామిక విప్లవంలో నలిగిన కార్మికుల పక్షాన మాట్లాడారు, ఇప్పుడు మరో పారిశ్రామిక విప్లవం, కృత్రిమ మేధ, మనిషి గౌరవానికీ న్యాయానికీ శ్రమకూ కొత్త సవాళ్లు తెచ్చాయి అన్నది ఆయన వివరణ. ఆ విశ్వలేఖ 90 ఏళ్ల పండుగకు, 1981లో, పోప్ రెండో జాన్ పాల్ 'లబోరెం ఎక్సెర్చెన్స్' రాశారు. పెట్టుబడి కంటే శ్రమ ముందు అని చెప్పి, దానికి ఒక కారణం ఇచ్చారు: పెట్టుబడి అని మనం పిలిచే యంత్రాలు, పనిముట్లు అన్నీ తరతరాల మనుషుల శ్రమ పేరుకుని ఏర్పడినవే. ఈ మాట 1981లో మగ్గాన్ని, లేత్ మెషీన్‌ను దృష్టిలో పెట్టుకుని చదివినప్పటి కంటే ఇవాళ చాట్‌బాట్ల వెనకుండే భాషా నమూనాలను చూస్తే ఎక్కువ నిజమనిపిస్తుంది. అవి లక్షలాది మంది రాసిన వాక్యాల నుంచి నేర్చుకున్నవి. ఆ రాసినవాళ్లను చాలావరకు ఎవరూ అడగలేదు, ఎవరికీ కూలి ముట్టలేదు. పైగా బూతు, హింస నిండిన రాతలను చదివి, ఏది తగదో గుర్తు పెట్టే పని కెన్యాలోని కార్మికులతో గంటకు రెండు డాలర్లలోపు ఇచ్చి చేయించిన సంగతి 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. కత్తి ఎవరు చేశారన్నది కూర తరిగేవాడికి అక్కర్లేదు అంటారు. కమ్మరికి కూలి ఎగ్గొట్టిన కత్తి అని తెలిసినా అక్కర్లేదనగలమా?

శ్రీసభ ఈ విషయంలో తనను తాను కూడా పరీక్షించుకోవాలి. కంప్యూటర్లతో గ్రంథాలను పరిశీలించే విద్యకు ఆద్యులలో ఒకరుగా పేరుపడ్డ యేసుసభ గురువు రొబెర్తో బూసా 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి, అక్వినాసు రచనల్లోని పదాలన్నిటికీ సూచిక తయారుచేయడానికి ఆ కంపెనీ సాయం పొందారు. కోటికి పైగా పదాలతో 56 సంపుటాలుగా వచ్చిన ఆ సూచిక నిజంగా గొప్ప పని. ఇటలీలోని గల్లరాతేలో ఆ పదాలను ఒక్కొక్కటీ కార్డుల మీద రంధ్రాలుగా కొట్టినవాళ్లు ఎక్కువగా యువతులు. బూసా పేరు పుస్తకాలకెక్కింది. ఆ యువతుల సంగతి పరిశోధకులు తవ్వి తీసేదాకా దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. లాటిను పదాన్ని కార్డు మీదికెక్కించిన గల్లరాతే యువతికీ, కెన్యాలో వాక్యాలకు గుర్తులు పెట్టిన యువకుడికీ మధ్య ఉన్నది ఒకే వరుస. ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా ఆ వరుసను తుడిచేయదు.

సాధనానికి కూడా నైతిక రూపం ఉందంటే మనిషి బాధ్యత జారిపోతుందని, తప్పంతా 'వ్యవస్థ'దని, 'అల్గారిథం'దని అందరూ చేతులు దులుపుకుంటారని ఒక గట్టి అభ్యంతరం ఉంది. నిజానికి చేతులు దులుపుకునే వీలు కల్పిస్తున్నది కత్తి పోలికే. అధికారి 'కంప్యూటర్ చెప్పింది' అంటాడు, కంపెనీ 'మేం సాధనం ఇచ్చాం, వాడింది వాళ్లు' అంటుంది, నడుమ పేదవాడికి జవాబు చెప్పేవాడు ఉండడు. రెండో జాన్ పాల్ 1987లో 'సోల్లిచితూదో రేయి సొచాలిస్'లో పాపపు నిర్మాణాల గురించి రాశారు. అన్యాయం వ్యవస్థలో గడ్డకట్టి, ఎవరి ఉద్దేశమూ అవసరం లేకుండా తనంతట తానే నడుస్తుంది. అయినా ఆ గడ్డ ఏర్పడింది ఒక్కొక్క మనిషి చేసిన పనుల వల్లే, దాన్ని కరిగించగలిగేదీ మనుషులే. ఈ బోధలో నైతిక కర్త మనిషి ఒక్కడే, యంత్రం ఎన్నటికీ కాదు. కానీ ఆ మనిషి మీట నొక్కినవాడు మాత్రమే కాదు. గీత గీసినవాడు, దాన్ని ఆమోదించినవాడు, నోటీసు అక్కర్లేదని నిర్ణయించినవాడు, ఫిర్యాదు దారి మూసినవాడు, అందరూ తమ తమ పాలు మోయాలి. ఆఖరి సంతకం మనిషిదే కాబట్టి చాలదా అని అడుగుతారు. రోజుకు వందల పేర్ల జాబితా ఎదురుగా పెట్టి, ఒక్కొక్కదానికీ నిమిషం కూడా ఇవ్వకుండా సంతకం పెట్టమంటే, ఆ సంతకంలో నిర్ణయం ఉండదు, చెయ్యి మాత్రమే ఉంటుంది. యుద్ధరంగంలో ఇది మరింత భయంకరం. ఒక మనిషి ప్రాణం తీయాలన్న నిర్ణయం ఏ యంత్రమూ ఎన్నడూ చేయకూడదని జి-7లో పోప్ ఫ్రాన్సిస్ అన్నారు. అలాంటి ఆయుధాలను నిషేధించాలని కోరారు. కత్తి తర్కం ప్రకారం ఆ ఆయుధం మంచి సైన్యం చేతిలో ఉంటే మంచిదే కావాలి. శ్రీసభ అలా అనలేదు, ఎవరి చేతిలో ఉన్నా వద్దంది.

గెలీలియోను 1633లో శిక్షించి, 1992దాకా ఆ తప్పును నిండు మనసుతో ఒప్పుకోని సంస్థకు విజ్ఞానానికి నీతి చెప్పే అర్హత ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఆ చరిత్ర నిజం, దాన్ని చిన్నది చేసి చూపను. కానీ గెలీలియో వివాదం లోకం ఎలా ఉందన్నదాని మీద. అక్కడ తీర్పు దుర్భిణిది. ఎవరి రేషన్ పోతే ఫరవాలేదు అన్నది దుర్భిణి తేల్చే ప్రశ్న కాదు. ఆ ప్రశ్న మీద మాట్లాడేందుకు పౌరుడికున్న హక్కే శ్రీసభకూ ఉంది, మాటలో బలం ఎంతో అందరూ తూచుకోవచ్చు. ఈ నీతి అంతా ఆత్మ ఉందన్న నమ్మకం మీద నిలబడిందని, అది లేనివాళ్లకు పనికిరాదని కూడా అంటారు. యంత్రం మనిషిలా తెలుసుకోలేదన్న దగ్గర శ్రీసభ ఆత్మ గురించీ దేహం గురించీ మాట్లాడుతుంది, నిజమే. కానీ ఇప్పటిదాకా నేను చెప్పిన వాదనల్లో ఒక్కటి కూడా యంత్రానికి ఆత్మ లేదన్నదాని మీద ఆధారపడలేదు. శ్రమకు కూలి, తీర్పుకు కారణం, మనిషికి మారే అవకాశం, మాట్లాడేది మనిషో యంత్రమో తెలుసుకునే హక్కు, వీటిని ఒప్పుకోవడానికి జ్ఞానస్నానం అక్కర్లేదు.

'ఆంతిక్వా ఎత్ నోవా'లోనే కృత్రిమ మేధను మంచికీ చెడుకూ మళ్లించవచ్చని ఉంది కదా అని ఎత్తిచూపవచ్చు. ఉంది. వైద్యంలో, చదువులో దాని మేలును కూడా ఆ పత్రం మనస్ఫూర్తిగా చెబుతుంది, నేనూ కాదనను. కానీ 117 పేరాల ఆ పత్రం ఆ వాక్యంతో ముగియలేదు. కార్మికుడి నైపుణ్యం హరించి అతన్ని యంత్రపు నిఘా కింద ఒకే పనికి కట్టేసే పోకడనూ, కొద్ది కంపెనీల చేతుల్లో అధికారం పోగుపడటాన్నీ, ఈ యంత్రాలు తాగే నీళ్లనూ కరెంటునూ అది పేరుపేరునా ప్రశ్నిస్తుంది. కొద్ది కంపెనీల చేతుల్లో ఉండటం అనేది వాడేవాడి తప్పు ఎలా అవుతుంది? నాకు అసలైన అసంతృప్తి వేరేచోట ఉంది. 2020 ఫిబ్రవరి 28న వాటికన్ జీవన అకాడెమీ ఆధ్వర్యంలో మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇటలీ ప్రభుత్వం కృత్రిమ మేధ నీతి గురించిన 'రోమ్ పిలుపు' పత్రం మీద సంతకాలు పెట్టాయి. పారదర్శకత, నిష్పాక్షికత, జవాబుదారీతనం లాంటి ఆరు సూత్రాలు అందులో ఉన్నాయి. సూత్రాలు మంచివే. కానీ సంతకం స్వచ్ఛందం, తప్పితే అడిగేవాడు లేడు. అమ్మేవాళ్ల సద్బుద్ధిని నమ్మడం కత్తి తర్కాన్ని వెనక గుమ్మం నుంచి మళ్లీ తెచ్చుకోవడమే. అందుకే 2024 శాంతి దిన సందేశంలో పోప్ ఫ్రాన్సిస్ కోరిన అంతర్జాతీయ ఒప్పందం, అన్ని దేశాలనూ కట్టిపడేసేది, రోమ్ పిలుపు కంటే వంద రెట్లు ముఖ్యమని నేననుకుంటాను. శ్రీసభ తన గొంతు ఖర్చుపెట్టాల్సింది దాని కోసం.

ఒప్పందం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కతోలిక బడులు, కాలేజీలు, ఆస్పత్రులు చాలాచోట్ల ఉన్నాయి. పిల్లల మార్కులను, హాజరును, రోగుల వివరాలను లెక్కగట్టి 'వెనకబడేవాళ్లు ఎవరు', 'ముందు ఎవరిని చూడాలి' అని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఇలాంటి సంస్థల గుమ్మాల దాకా వస్తున్నాయి. టీచర్లకు సద్వినియోగం మీద ఒక పూట శిక్షణ ఇచ్చి వాటిని కొనేస్తే సరిపోదు. కొనేముందు అమ్మకందారును రాతపూర్వకంగా అడగాలి: దీనికి నేర్పిన వివరాలు ఎక్కడివి, ఎవరి అనుమతితో తీసుకున్నారు, గుర్తులు పెట్టిన కార్మికులకు ఎంత ఇచ్చారు, తెలుగు పేర్ల మీద, తెలుగు మాట మీద దీన్ని పరీక్షించారా, మా బడిలో ఒక పిల్లను ఇది తప్పుగా వెనకబెంచీకి నెడితే ఆ పిల్ల తల్లి ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది. ఒక చిన్న బడి అడిగితే పెద్ద కంపెనీ వినదంటారు. ఒక మేత్రాసనంలోని, అంటే ఒక బిషప్ పరిధిలోని, బడులన్నీ ఒకే కాగితం మీద అడిగితే వినక తప్పదు. జవాబు రాకపోతే కొనడం మానేసే స్వేచ్ఛ వాటికి ఇప్పటికీ ఉంది.